ఓడ నిండింది

దేశం బాగుపడాలంటే ఎగుమతులు పెరగాలి. ఎగుమతులు పెరగాలంటే పెద్దవాళ్లు ఇంకా పెద్దవాళ్లు కావాలి. అందుకు చిన్నవాళ్లు కాస్త పక్కకు జరిగి నిలబడాలి. ఇది ఎగుమతుల ప్రోత్సాహక మండలి ఏకగ్రీవంగా చేసిన తీర్మానం. (చిన్నవాళ్లకు మండలిలో సభ్యత్వం లేదు కాబట్టి ఏకగ్రీవానికి ఇబ్బంది రాలేదు.)

ఈ సంగతి తెలియక తలుపు గడియలు చేసే షెడ్డావిడ ఒక తప్పు చేసింది. మంచి గడియలు చేసింది. సముద్రం అవతల తలుపులు చేసే కంపెనీ వాటిని తెప్పించుకుని, బిగించి, లాగి, గుంజి చూసుకుంది. ఈ ఓడకి సరుకు పంపితే ఇక ఎప్పుడూ నీ దగ్గరే కొంటాం, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం అని కబురు పెట్టింది. ఆ ఆర్డరు దక్కితే షెడ్డు నిలబడుతుంది. దక్కకపోతే, లేతు మీద పనిచేసే సొంత తమ్ముడితో సహా అందరూ ఇంటిదారి పట్టాలి.

ఓడలో చోటు లేదన్నారు. ఆవిడ మండలి ఆఫీసుకి కాళ్లరిగేలా తిరిగి, చివరికి చోటు కేటాయించే అధికారిని పట్టుకుంది.

“మొత్తం గ్రూపు వాళ్లే తీసుకున్నారమ్మా,” అన్నాడాయన.

ఏ గ్రూపు అని ఎవరూ అడగరు. సిమెంటు, ఉక్కు, రేవు, ఓడ, అధికారి కూర్చున్న కుర్చీ, అన్నీ దాని తయారీయే.

“అంత చోటులో ఏం పంపిస్తున్నారు సార్?”

“కంటైనర్లు.”

“అదే, వాటిలో ఏముంది?”

“వాటిలో ఏముండాలి? కంటైనర్ కూడా సరుకే కదమ్మా. చేసేది వాళ్లే. అవతలి ఒడ్డున వాళ్ల శాఖే కొనుక్కుంటుంది.”

“కొనుక్కుని?”

“వెనక్కి పంపిస్తుంది.”

(వెనక్కి వచ్చింది దిగుమతి కాదు. నిబంధనల ప్రకారం అది ‘సొంతింటి రాక’. వెళ్లిన ప్రతిసారీ మాత్రం ఎగుమతే. ఈ పద్ధతి మొదలైనప్పటి నుంచి దేశం ఏటా లక్ష్యాన్ని దాటుతోంది.)

“ఎలాగూ ఖాళీగానే పోతున్నాయి కదా సార్. ఓ మూల నా గడియలు పెట్టుకోనివ్వండి.”

అధికారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఖాళీ అని రాసిచ్చిన దాంట్లో సరుకు పెడితే తప్పుడు ప్రకటన అవుతుందమ్మా. ఎగుమతి చేస్తూ దొరికిపోయావంటే నేను కూడా కాపాడలేను.”

ఆవిడ కదల్లేదు. ఆయనకే జాలేసింది.

“ఓ పని చెయ్. గడియలు గ్రూపుకే అమ్ము. కంటైనర్ తలుపులకి బిగించుకుంటారు. నీ సరుకూ సముద్రం దాటినట్టుంటుంది.”

“దాటి మళ్లీ వచ్చేస్తుంది కదా సార్.”

“అందుకేగా గట్టి రకం కావాలంటున్నారు.”

ఓడ వెళ్లిపోయింది. తలుపుల కంపెనీ వేరేవాళ్లని చూసుకుంది. షెడ్డు మూతపడలేదు. ఆవిడ గడియలు ఇప్పుడు సముద్రం దాటుతున్నాయి, వస్తున్నాయి, మళ్లీ దాటుతున్నాయి. చిన్నవాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించినందుకు గ్రూపుకి మండలి పురస్కారం ఇచ్చింది. పేపర్లో పడిన ఫొటోలో ఆవిడ భుజం కూడా ఉంది.

మొన్న గ్రూపు నుంచి తనిఖీ ఆయన వచ్చి, గడియలు వదులుగా ఉన్నాయని కేకలేశాడు.

“లోపల ఏమీ లేదు కదా సార్,” అన్నాడు తమ్ముడు, “తలుపు తెరుచుకుంటే మాత్రం ఏం పోతుంది?”

“ఏమీ లేదని కనబడుతుందయ్యా.”