మేడమ్‌గారి విదేశీ సేవ

అయ్యలారా, అమ్మలారా! దివ్యాంగులకు మేలు చేయాలంటే ముందుగా చేయాల్సిన పనేమిటో తెలుసా? వారికి వీలైనంత దూరంగా వెళ్లడం! విమానంలో వెళితే మరీ శ్రేష్ఠం.

నమ్మరా? అయితే మా యూనివర్సిటీ ప్రత్యేక విద్య మేడమ్‌గారి సంగతి వినండి. వికలాంగులైన పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో కాబోయే టీచర్లకు నేర్పుతారావిడ. మనసు వెన్న. కుక్కపిల్ల కుంటుతూ కనబడినా కొంగు తడుపుకుంటారు.

అలాంటి మేడమ్ తన క్లాసును స్టడీ అబ్రాడ్‌కు, అంటే కొన్నాళ్లు విదేశీ యూనివర్సిటీలో చదువుకు, తీసుకెళ్లాలనుకున్నారు. "మా బృందంలో చక్రాల కుర్చీ వాడే విద్యార్థిని కూడా ఉంది" అని రాయగానే అవతలి యూనివర్సిటీవారు మురిసిపోయి ఒప్పుకున్నారు. రాసింది అబద్ధం కాదండోయ్! ఆ పిల్ల క్లాసులో ఫస్టు. ఊహ తెలిసినప్పటి నుంచీ విమానమెక్కాలని దాని ఆశ. పాస్‌పోర్టు అందరికంటే ముందు తెచ్చుకుంది.

ప్రయాణం దగ్గరపడేసరికి మేడమ్‌కు గుండెల్లో రాయి పడింది. అక్కడ మెట్లుంటే? వాన పడితే? పిల్లను పిలిచి తల నిమిరారు.

"నీకు ఇబ్బందవుతుందమ్మా. హాయిగా ఇక్కడే ఉండు. అన్నీ వీడియో తీసుకొస్తాంగా!"

"నాకేం ఇబ్బంది లేదు మేడమ్. రోజూ బస్సులో రావట్లేదా?"

"నీకు తెలీదు తల్లీ. నాకు తెలుసు."

చూశారా! చదువంటే అదీ. మన కష్టం మనకంటే ముందు వారికి తెలిసిపోతుంది!

అక్కడ విమానాశ్రయానికి లిఫ్టున్న వ్యాను వచ్చింది. డ్రైవరు పాపం, కుర్చీలో వచ్చే పిల్ల కోసం మెడ సాచి సాచి చూశాడు. లిఫ్టును ఊరికే వదిలేస్తే అతను నొచ్చుకోడూ? అందుకని మనవాళ్లు ఒక్కొక్కరే ఎక్కి, పైకీ కిందికీ ఊగి, వీడియోలు తీసుకున్నారు. బసలో ఆ పిల్ల కోసం కింది అంతస్తులో విశాలమైన గది సిద్ధం చేశారు. అదీ వృథా పోకుండా మేడమ్ తమ మోకాళ్ల నొప్పులతో సహా అందులో దిగారు. ఎంత త్యాగం!

అక్కడ చూడబోయిన బడిలో, చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక చిన్నపిల్ల, "మీలో నాలాంటివాళ్లు ఎవరూ లేరా?" అని అడిగిందట.

"ఉందమ్మా! తననెక్కడికీ తిప్పి కష్టపెట్టం" అన్నారట మేడమ్ గర్వంగా.

తిరిగొచ్చాక సభ పెట్టారు. విషయం, 'ఎవరినీ వెనక వదలొద్దు'. హాలు మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ, అది పాడైపోయి అందులో విరిగిన బెంచీలు కాపురముంటున్నాయి. వందన సమర్పణ ఆ పిల్ల చేస్తేనే నిండుగా ఉంటుందని మేడమ్ పట్టుబట్టారు.

"నలుగురు అబ్బాయిలు కుర్చీతో సహా మోసుకొస్తార్లే!"

"నేను సామానునా మేడమ్? సభే కింద వరండాలో పెట్టండి."

మేడమ్ నిజంగా నొచ్చుకున్నారు. "అంతమందిమి మెట్లు దిగి రావాలంటే మాకెంత ఇబ్బందో ఆలోచించావా తల్లీ?"

ఆ పిల్ల నవ్వింది.

"ఇబ్బంది మీకని ఆ రోజే చెప్పాల్సింది మేడమ్. నాకేమోనని ఎంత కుమిలిపోయానో!"