ఆషాఢం తేలు

“మొగుడు మంచాన పడితే తప్ప, ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాల్సిందే అన్నయ్యగారూ!”

మా అమ్మ కోటేశ్వరమ్మ ఫోన్‌లో రేపల్లెలో ఉన్న మా మామగారికి తీర్పు చెబుతోంది. నాకు మాత్రం అది శుభవార్తలా వినిపించింది. మంచాన పడటం ఎంతసేపు?

హిమబిందు ఇచ్చే కాఫీ మీద నురగ చూసినా పొంగిపోయే కొత్త పెళ్లికొడుకుని నేను. ఎల్లుండి మామగారొచ్చి ఆ నురగతో సహా తీసుకుపోతారు. తెనాలంతా ముసురు. దండెం మీద బట్టలు ఆరడం లేదు, నా మొహమూ ఆరడం లేదు.

జ్వరమంటే థర్మామీటరు పెడతారు. కడుపునొప్పంటే అమ్మ వాము నమిలిస్తుంది. దిగులుగా పెరట్లోకి వెళ్లి పుదీనా కుండీ జరిపాను. కింద చిన్న తేలు! చీపురుపుల్లతో పొడిచినా ఉలకలేదు, పలకలేదు. ఇంత బుద్ధిమంతురాలైన తేలు మళ్లీ దొరుకుతుందా? పుల్లతోనే తెచ్చి గడప దగ్గర పెట్టి, కాలు పట్టుకుని కేక పెట్టాను.

“అయ్యో కిరీటీ! కాలు కింద పెట్టకురా!” అమ్మ నన్ను మంచం మీద పడేసి, ఉల్లిపాయ కోసి పాదమంతా రుద్దింది.

జువాలజీ చదివిన నా భార్య తాపీగా వచ్చి, ఆ తేలుని ఉత్త చేత్తో తీసింది.

“ఇదాండీ కుట్టింది?”

“అదే! మంట తొడదాకా పాకింది.”

“ఈ చిన్నజాతి కుట్టినా తేనెటీగ కుట్టినంతే.”

“నా ఒళ్లు సున్నితం.”

కిటికీ వెలుగులో ఎత్తి చూసి, నా చెవి దగ్గరకు వంగింది. “ఇది తేలు కూడా కాదు. తేలు విడిచేసిన పొర. లోపల ఎవరూ లేరండీ.”

మూలుగు మానేసి తన చెయ్యి పట్టుకున్నాను. “అమ్మకి చెప్పకు బిందూ!”

“వీడిలా ఉంటే నువ్వు రేపల్లె ఎలా వెళ్తావే?” అంది అమ్మ. నా ప్రాణం లేచొచ్చింది.

“ఒక్కరోజు నొప్పే అత్తయ్యా. ఎల్లుండికి పరిగెడతారు. రేపు బాపట్ల ప్రయాణమే పోయింది.”

“బాపట్లేంటి?” అన్నాను.

“వెళ్లేముందు మనిద్దరం సూర్యలంక సముద్రం చూసొద్దామని అత్తయ్యని బతిమాలి ఒప్పించాను. సాయంత్రం చెబుదామనుకున్నా. మీరేమో...” బిందు మొహానికీ ముసురు పట్టింది.

“తగ్గిపోయిందే! చూడు, నడుస్తున్నా!”

“పడుకో వెధవా, విషం పైకెక్కుతుంది!” అమ్మ నా కాలు దిండు మీదకి ఎత్తింది.

నిజం చెబుదామని నోరు తెరిచాను. పాదం నుంచి ఉల్లిపాయ వాసన గుప్పుమంది. అంత కష్టపడి రుద్దిన అమ్మకి ఏమని చెప్పను? కాలు దిండు మీదే ఉంచాను.

“పులిహోరకి చింతపండు నానేశాను, పారబోస్తామా?” అంది అమ్మ. “రేపు పొద్దున బండికి నేనూ కోడలూ బాపట్ల వెళ్తాం. నీకు చారన్నం మంచం పక్కన పెట్టి పోతా. కదిలావో!”