మొక్కజొన్న రేకు మర్యాద

పిండి చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలకని దాచిన మొక్కజొన్న పొత్తు రేకుల్లో ఆరు మాయమయ్యాయని పొద్దున్నే రమోనా మొగుడితో గొడవ పెట్టుకుంది.

"ఏరి ఏరి పెద్దవే తీశావేమయ్యా?"

"చిన్నవాటిలో ఏం పడుతుంది?" అన్నాడు ఎలిసియో, టోపీ వెతుక్కుంటూ.

ఆ రోజు అతనికి రెండో రక్తపరీక్ష. నికోటిన్ కనిపిస్తే మోకాలి ఆపరేషన్ చేయనని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఏడాది చివర మనవరాలి పదిహేనో పుట్టినరోజుకు ఆ పిల్లతో నాట్యం చేయాలని అతని ఆశ. మొదటి పరీక్ష తప్పినప్పుడు, సిగరెట్ ముట్టి పదేళ్ళయిందని ఒట్టేశాడు. నిజమే. కానీ సాయంత్రాలు గంజాయి చుట్టేది పొగాకు ఆకులో. లోపలిదే తాగినట్టు, పై ఆకు లెక్కలోకి రాదని అతని నమ్మకం. డాక్టరమ్మ చీవాట్లు పెట్టాక, తాతల పద్ధతిలో మొక్కజొన్న రేకుకు మారాడు.

"ఇది చుట్టా బావా, ఆవు మేతా?" అని రోజూ వరండాలో పక్కన కూర్చుని ఎగతాళి చేసేవాడు రమోనా తమ్ముడు ఫకుందో. అతనిది మాత్రం పొగాకు ఆకే.

మూడో రోజు ఫోను వచ్చింది. మళ్ళీ నికోటిన్.

మొగుడు చాటుగా సిగరెట్లు కాలుస్తున్నాడని రమోనా ట్రక్కంతా వెతికింది, బూట్లు దులిపింది, ఏమీ దొరక్క కూతురికి చెప్పింది. కూతురు అత్తగారికి చెప్పింది. ఆవిడ చర్చిలో చెప్పింది. సాయంత్రానికి ఫాదర్ జపమాలతో వచ్చి, ఎలిసియోను వరండాలో కూర్చోబెట్టి, అందరి చేతా ప్రార్థన మొదలుపెట్టించాడు.

సంగతి తెలియని ఫకుందో ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చున్నాడు. తన చుట్ట వెలిగించి, రెండు దమ్ములు పీల్చి, పక్కకు అందించాడు. కళ్ళు మూసుకుని జపం చేస్తున్న ఎలిసియో అలాగే చెయ్యి చాచి అందుకుని, ఒక దమ్ము లాగాడు.

ప్రార్థన ఆగిపోయింది.

"ఇచ్చింది వద్దంటే మర్యాదగా ఉంటుందా?" అన్నాడు ఎలిసియో, కళ్ళు తెరిచి.

పరీక్ష నెగ్గేదాకా ఈ వరండాలో ఇద్దరికీ మొక్కజొన్న రేకేనని రమోనా శాసించింది. మొదటి వారం ఫకుందో తిట్టుకున్నాడు. రెండో వారం తిట్లు తగ్గాయి. మూడో వారం, అక్క చూడకుండా, పెద్ద రేకులు తనే ఏరుకున్నాడు.

నెల తిరిగేసరికి ఎలిసియో పరీక్ష నెగ్గాడు, ఆపరేషన్ తేదీ ఖాయమైంది. ఆ పూట అందరూ మొక్కజొన్న గింజల పులుసు పొసోలె తింటుండగా ఎలిసియో హుషారుగా ప్రకటించాడు:

"మోకాలు బాగవగానే మళ్ళీ పాత ఆకే."

ఫకుందో చెంచా కింద పెట్టాడు.

"అయితే నీది నువ్వే తాగు బావా. ఆ కంపు నాకిక పడదు. అందించినా పుచ్చుకోను."

వరండాలో ఒకే చుట్ట పంచుకున్న ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఎలిసియోకు మోకాలు కాక ఇంకోచోట నొప్పి పుట్టింది.