మాస్టారి చేతికి పట్టీ

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఒక రోజంతా చేతికి కట్టుకున్న బీపీ మిషను ఆసుపత్రిలో ఇచ్చేసి, అటునుంచి అటే బడికి వెళ్లిపోవాలి. ఆవిడకి ఆరో నెల. కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాక ఏడాదిపాటూ గుండె, రక్తనాళాలు ఎలా మారతాయో కొలిచే పరిశోధనలో చేరింది.

చేరడం మంచిదే. చిక్కల్లా ఆ కొలిచే టెక్నీషియన్‌తోనే. మనిషి ఎర్రగా బుర్రగా ఉంటాడు. కిందటి నెల స్కానింగ్ తెర చూస్తూ, "మీ గుండె ఎంత చక్కగా పనిచేస్తోందో చూడండి మేడమ్," అన్నాడు. ఆవిడ మురిసిపోయింది. పెళ్లయిన నాలుగేళ్లలో మాస్టారికి అలాంటి మాట ఒక్కటీ తోచలేదు. అప్పటినుంచీ ఆయన అసూయతో కుతకుతలాడిపోతున్నాడు.

"ఆఫ్ చేయకండి, అక్కడ వాళ్లే చేస్తారట," అంటూ భార్య మిషను చేతికిచ్చింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నాక మాస్టారికి అనుమానం పుట్టింది. ఈ పెట్టె నిజమే చెప్తుందా, అంతా వాడి ముఖస్తుతా? చొక్కా చేయి మడిచి పట్టీ కట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి టెక్నీషియన్ గొంతు వినిపించింది. "ఇవాళ మేడమ్ రాలేదా?" అని నర్సును అడుగుతున్నాడు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఇరవై నిమిషాలకోసారి దానంతటదే కొలిచే పట్టీ బిర్రుగా బిగిసింది. అలా మూడుసార్లు బిగిశాక పిలుపు వచ్చింది. గబగబా ఊడదీసి ఇచ్చేశాడు.

టెక్నీషియన్ అంకెలు చూసి తెల్లబోయాడు. "సార్, రాత్రంతా బాగానే ఉంది. చివరి గంటలో నూట తొంభై. మేడమ్ ఎక్కడున్నారు?"

మాస్టారు నోరు విప్పేలోగా డాక్టరమ్మ రావడం, అంబులెన్సు మాస్టారింటికి పోవడం జరిగిపోయాయి. బట్టలు మడతపెడుతున్న ఇల్లాలిని "నాకేం కాలేదు మొర్రో" అంటున్నా వినకుండా ఆసుపత్రి మంచం మీద తెచ్చి పడేశారు.

"ఇప్పుడు మామూలుగానే ఉంది. అయినా వదలకూడదు. కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండాలి," అంది డాక్టరమ్మ.

"నేను రెండు పూటలా వచ్చి చూసుకుంటాను," అన్నాడు టెక్నీషియన్.

భార్య మాస్టారి చేయి గట్టిగా పట్టుకుంది. "ఏవండీ, బిడ్డకేమైనా అవుతుందా?"

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. తలవంచుకుని, "ఆ చివరి అంకెలు నావి. పట్టీ నేనే కట్టుకున్నాను," అన్నాడు.

డాక్టరమ్మ ఆయన చేయి లాక్కుని కొలిచింది. నూట తొంభై రెండు. భార్యను దింపి అదే మంచం మీద మాస్టారిని పడుకోబెట్టారు.

ఇంటికొచ్చాక మాత్రలు మొదలయ్యాయి. రోజూ పొద్దున బీపీ ఎంతో కనుక్కోవడానికి టెక్నీషియన్ మాస్టారికి ఫోన్ చేస్తాడు. అంకె చెప్పడం నిమిషం, ఆ తర్వాత అరగంట నవ్వులు.

"మీ ఇద్దరికీ రోజూ అన్ని కబుర్లేముంటాయండీ?" అంది భార్య, ముఖం ముడుచుకుని.

ఆ నెల పరిశోధన కాగితాల్లో ఆవిడ బీపీ మొదటిసారి కొంచెం పెరిగింది. కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.