జానపద చిత్రానికి క్రిస్మస్ యోగ్యతాపత్రం

కర్నూలు రాజధానిగా ఉండి, ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని డేరాల్లో నడుస్తున్న రోజులవి. పత్తికొండకు ఎనిమిది మైళ్ళ దూరంలోని మా ఊళ్ళో సినిమా కూడా డేరాలోనే నడిచేది. ప్రభుత్వానికీ సినిమాకూ ఒకే రకం ఇల్లు కావడం మాకు ఎంతో గర్వంగా ఉండేది.

1954 డిసెంబరు మొదటి వారంలో డేరా యజమాని ఈరప్పకు ఒక తాఖీదు వచ్చింది. "పండుగ దినములలో ఆయా పండుగలకు తగిన చిత్రములు మాత్రమే ప్రదర్శింపవలెను. తగినదీ కానిదీ స్థానిక పెద్దల సంఘము నిర్ణయింపవలెను." శ్రీరామనవమికీ వినాయక చవితికీ చిక్కు లేదు. రాబోయేది క్రిస్మస్. ఈరప్ప దగ్గరున్నది ఒకే ఒక జానపద చిత్రం. మొదటి రీలు గుంతకల్లు స్టేషన్లో పోయింది గనుక దాని పేరేమిటో ఆయనకూ తెలియదు.

ఈరప్ప తాఖీదు పట్టుకుని ప్రహ్లాదరావు గారి అరుగు దగ్గరికి వచ్చాడు. ప్రహ్లాదరావు గారు పదవీ విరమణ చేసిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఏ సంఘం పెట్టినా ఆయనే అధ్యక్షుడు. నేను పంచాయతీ గుమాస్తాను. ఏ సంఘం పెట్టినా తీర్మానాలు రాసేది నేనే.

"సామీ, ఊరిబయట పల్లెలోని కిరస్తానమోళ్ళు నెలనాళ్ళ నుంచి అడుగుతాండారు, మా పండక్కి బొమ్మ ఆడిస్తావా అని. సరేనని మాటిచ్చేసినా. నా దగ్గర ఉండేది ఈ పిచ్చరు ఒకటే. ఎట్లోగట్ల దీనికి బాప్తిస్మం ఇప్పించండి" అన్నాడు ఈరప్ప.

వెంటనే సంఘం ఏర్పడింది. ప్రహ్లాదరావు గారు అధ్యక్షులు. మునసబు నరసన్న గారు సభ్యులు. పల్లెలో మిషను బడి పంతులు దావీదురాజును కూడా వేసుకుందామా అని నేను అడిగాను. ఆదివారం ప్రార్థన చేయించేది ఆయనే మరి.

"పండుగ చేసుకునేవాడికి పండుగ మీద అభిమానముంటుంది. అభిమానమున్నవాడు నిష్పక్షపాతంగా ఎట్లా ఉంటాడయ్యా?" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు. ఆ న్యాయబుద్ధికి మేము తలలూపాం.

సంఘం మూడు సాయంత్రాలు వరసగా చిత్రాన్ని పరిశీలించింది. కత్తియుద్ధాలను రెండేసి సార్లు పరిశీలించింది. ఇంతకీ క్రిస్మస్ చిత్రమంటే ఏమిటో తేలాలి కదా. నరసన్న గారు ఒకప్పుడు బళ్ళారిలో ఎవరో దొరగారికి పండుగనాడు అరటిగెల ఇవ్వడానికి పోయి, వరండాలో గంటసేపు నిలబడి వచ్చారు. కాబట్టి ఆయనే మాకు నిపుణులు. కిటికీలోంచి ఆయనకు కనబడినవి మూడు: గోడ మీద మంచు బొమ్మ, తెల్లగడ్డం ముసలాయన, కేకు. ఈ మూడూ ఉన్నదే క్రిస్మస్ చిత్రమని తీర్మానం రాశాను.

చిత్రంలో మాంత్రికుడికి మూరెడు తెల్లగడ్డం ఉంది. అతడు నరబలి ఇచ్చేవాడే అయినా గడ్డం మట్టుకు యోగ్యంగా ఉందని ఒప్పుకున్నాం. కేకుకు బదులు చివర పెళ్ళిలో లడ్లున్నాయి. మంచే లేదు. వానకే మొహం వాచిన తాలూకాలో మంచు ఎక్కడ తెస్తాం? ఈరప్ప మిల్లు నుంచి గంపెడు దూది తెచ్చి, డేరా పైనుంచి చల్లిస్తానన్నాడు. సంఘం హర్షించింది.

ఒక్క ఆక్షేపణ మిగిలింది. నాలుగో రీల్లో, రాజు వెళ్ళగొట్టిన రాణి పశువుల కొట్టంలో గడ్డి మీద బిడ్డను కంటుంది. దూడ ఆ బిడ్డను నాకుతుంది. చుక్కను చూసుకుంటూ ముగ్గురు మునులు వస్తారు.

"పండగ పూట, ఆడోళ్ళు వచ్చే చోట, పేడలో పురుడేందప్పా? తీసేయండి" అన్నారు నరసన్న గారు.

ఆక్షేపణ లేదని సంతకం చేయడానికి దావీదురాజును పిలిపించాం. ఆయన అరుగు కింద నిలబడి అంతా విన్నాడు.

"సామీ, తక్కినవి మీ ఇష్టం. మా పండగంటే ఆ కొట్టమే గదా. దాన్ని తీసేస్తే ఇంగేముండాది?"

ప్రహ్లాదరావు గారు దయగా నవ్వారు. "పంతులూ, నీకు మతం తెలుసు, కాదనను. ఇది సినిమా సంగతి."

పల్లెవాళ్ళు బొమ్మ చూడాలని దావీదురాజుకు చాలా ఆశ. సంతకం పెట్టాడు. రీలు కత్తిరిస్తే కంపెనీవాళ్ళు ఊరుకోరు గనుక, ఆ ఘట్టం వచ్చినప్పుడు ఈరప్ప సినిమా ఆడించే యంత్రం ముందు అరచెయ్యి అడ్డం పెట్టాలని నిర్ణయమైంది.

పండుగనాడు పొద్దుగూకకముందే డేరా నిండింది. కుర్చీల్లో సంఘం కుటుంబాలు, బెంచీల మీద సంఘం బంధువులు, నేల మీద బంధువుల బంధువులు. అప్పుడు వచ్చింది ఉరుకుందమ్మ. మూడేళ్ళుగా ఆ డేరా ఊడ్చే మనిషి, ఒక్క ఆటా చూసి ఎరగదు. గంజి పెట్టిన చీర కట్టుకుని, పల్లె నుంచి ముప్పైమందిని వెంటబెట్టుకుని వచ్చింది.

"యాడ కూకుందుమప్పా?" అని అడిగింది.

ఈరప్ప మావైపు చూశాడు. మేము పైనుంచి రాలుతున్న దూదివైపు చూశాం. ఆయన డేరా వెనకగుడ్డ పైకి చుట్టి, వాళ్ళను తెర వెనక కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. రాజకుమారుడు ఎడమచేత్తో కత్తి తిప్పుతుంటే వాళ్ళు పడి పడి నవ్వడం మాకు వినబడింది.

నాలుగో రీలు వచ్చింది. ఈరప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. తెర నల్లబడింది. శబ్దాన్ని ఆపడం మాత్రం తీర్మానంలో లేదు. చీకట్లో దూడ అరిచింది. తర్వాత పసిబిడ్డ ఏడ్చింది.

"పుట్నాడే!" అంది తెర వెనక నుంచి ఉరుకుందమ్మ.

ఆమె పక్కనే కూర్చున్న దావీదురాజు క్రిస్మస్ పాట ఎత్తుకున్నాడు. ముప్పై గొంతులు కలిశాయి. చెయ్యి కాలిందో మరేమైందో గాని, ఈరప్ప చెయ్యి తీసేశాడు. గడ్డిలో బిడ్డ, పక్కన దూడ, పైన చుక్క. ఆట మొదలైనప్పటి నుంచీ వస్తున్న నరసన్న గారి దగ్గు ఆగిపోయింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. దూది పడిందనుకున్నాను.

"ఈరప్పా, చెయ్యి!" అన్నారు ప్రహ్లాదరావు గారు. చెయ్యి మళ్ళీ అడ్డం వచ్చింది.

మర్నాడు సంఘం సమావేశమైంది. చిత్రం క్రిస్మస్‌కు అన్ని విధాలా తగినదని నిర్ధారించింది. తెర వెనక గొడవవల్ల పండుగ వాతావరణానికి భంగం కలిగినందుకు విచారించింది. వచ్చే ఏటి నుంచి పల్లెవాళ్ళకు వేరొక దినము కేటాయించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించింది.

రాసింది నేనే. పాట ఇంకా చెవుల్లో వినబడుతూనే ఉంది. అక్షరం ఒక్కటీ వంకర పోలేదు. చేతిరాత ముత్యాల్లా ఉందని అందరూ మెచ్చుకున్నారు.