పది రోజుల మంచం

మంచం ఎక్కాలంటే ఏదో ఒక రోగం ఉండాలి. ఉత్త అలసటతో ఎక్కితే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు. ఈ సంగతి ఇందిరాదేవికి నలభై తొమ్మిదో ఏట తెలిసింది.

బందరు పరాసుపేటలో ఆమె కాపురం. భర్త గోవర్ధనరావు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. అత్తగారు భ్రమరాంబకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ వరండా కుర్చీలో రోజంతా కళ్ళు మూసుకునే ఉంటుంది గానీ, ఆ వీధిలో ఆవిడ చూడనిది ఏదీ జరగదు.

ఏడాదిగా ఇందిరాదేవి ఒంట్లో ఎవరో పొయ్యి వెలిగించి ఆర్పుతున్నట్టుగా ఉంది. ఉన్నట్టుండి చెవుల్లోంచి ఆవిర్లు. జాకెట్టు తడిసి ముద్దయ్యేది. ఆ వెంటనే చలి. మోకాళ్ళు మెట్టుకో మాట అనేవి. ఏ గదిలోకి ఎందుకొచ్చిందో గుర్తుండేది కాదు. ఎలాగూ వచ్చాను కదా అని అక్కడున్న బట్టలు మడతపెట్టి వెళ్ళేది.

ఒకరోజు ఆమె ఫ్రిజ్ తలుపు తీసి అందులో తలపెట్టి నిలబడి ఉండగా గోవర్ధనరావు చూశాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"ఏమీ లేదు. ఊరికే నిలబడ్డాను."

"ఫ్రిజ్‌లోనా?"

"ఇంట్లో ఇంకెక్కడా చల్లగా లేదండీ."

"పాలు విరిగిపోతాయి, తలుపెయ్యి," అన్నాడాయన. ఆ ఇంట్లో విరిగేవి పాలొక్కటే అని ఆయన నమ్మకం.

మర్నాడు ఇందిరాదేవి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ అన్నీ అడిగి, రక్తపరీక్ష చూసి, "భయమేం లేదండీ. నెలసరి ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుంది. కాల్షియం వేసుకోండి, పొద్దున్నే అరగంట నడవండి. కాస్త విశ్రాంతి తీసుకోండి," అంది.

"ఆ విశ్రాంతి మాట కూడా చీటీలో రాస్తారా?"

డాక్టరు నవ్వింది. "దానికి చీటీ ఎందుకండీ?"

ఎందుకో డాక్టరుకి తెలియదు. ఆవిడ ఇంట్లో వంటమనిషి ఉండి ఉంటుంది.

ఆటో కోనేరు సెంటరు దాటేసరికి ఆ 'కాస్త' రెండు రోజులైంది. ఇంకాస్త ముందుకొచ్చేసరికి వారమైంది. పరాసుపేటలో దిగేసరికి పది రోజులు. ఇల్లు ఇంకో రెండు వీధుల అవతల ఉంటే నెల అయ్యేదే.

"పది రోజులు మంచం దిగొద్దన్నారండీ," అని చెప్పింది నేల చూపులు చూస్తూ.

"ఏం జబ్బట?"

దాని సంగతి ఆమె ఆలోచించుకోలేదు. "హార్మోన్లట."

"అవెక్కడుంటాయి?"

"ఒళ్ళంతా."

"అమ్మో, ఒళ్ళంతానే!" అని గోవర్ధనరావు కంగారుగా సెలవు పెట్టేశాడు. వరండాలో అత్తగారు ఒక కన్ను తెరిచి, కోడల్ని చూసి, మళ్ళీ మూసుకుంది.

మొదటిరోజు వంట గోవర్ధనరావుది.

"ఇందిరా! ఆవాలెక్కడ?"

"పోపుల పెట్టెలో."

"పోపుల పెట్టెక్కడ?"

"పొయ్యి పక్కన."

అక్కడితో ఆగాడు. పొయ్యి ఎక్కడుందో ఆయనకి తెలుసు.

ఒంటిగంటకి కంచం మంచం దగ్గరికి వచ్చింది. అన్నం ముద్దగా, పప్పు పలుకుగా ఉన్నాయి. రెండూ ఒకదాని గుణం ఒకటి మార్చుకున్నట్టున్నాయి. ఇందిరాదేవి ఒక్కమాట అనకుండా తిన్నది. పాతికేళ్ళలో ఎవరో వండి పెట్టిన అన్నం మంచం మీద కూర్చుని తినడం అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంత కారం వల్ల కూడా.

ఆ సాయంత్రమే గోవర్ధనరావు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'ఇందిరకు హార్మోన్లు సోకినవి. కదలరాదు.'

ఇంకేముంది! రెండో రోజు పొద్దున్నే ఎదురింటి దైవాధీనం మాస్టారు అరటిపళ్ళతో వచ్చాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని నిట్టూర్చి, "మన చేతిలో ఏముందమ్మా, అంతా దైవాధీనం," అన్నాడు. ఆయన తన పేరు చెప్పుకున్నాడో, ఆమె పని అయిపోయిందన్నాడో తేలక ఇందిరాదేవికి మళ్ళీ చెమటలు పట్టాయి.

పదిగంటల బస్సుకి పామర్రు నుంచి ఆడపడుచు రాజకుమారి దిగింది. గోవర్ధనరావుకి అక్క, యాభై ఐదేళ్ళు. చేతిలో పెద్ద సంచి.

"నువ్వు లేవకు ఇందిరా. అంతా నేను చూసుకుంటాగా," అంటూ మంచం మీద కూర్చుని, "ఉండు, బస్సులో నడుం పట్టేసింది, ఒక్క నిమిషం వాలుస్తాను," అంది.

ఆ నిమిషం సాయంత్రం నాలుగింటికి పూర్తయింది.

మూడో రోజు ఘంటసాల నుంచి తోటికోడలు పూర్ణిమ వచ్చింది. గోవర్ధనరావు పినతండ్రి కొడుకు భార్య, నలభై నాలుగేళ్ళది. "అక్కకి సాయం చేసొస్తానని మా ఆయన్ని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది బావగారూ," అని చెప్పి, తల బద్దలవుతోందంటూ మంచానికి మూడో పక్క ఆక్రమించింది.

మంచానికి మూడో పక్క ఉండదు. కాబట్టి ఇందిరాదేవి అంచుకి జరిగింది.

"తమ్ముడూ, కాఫీలో చక్కెర సగం!" ఇది పామర్రు.

"బావగారూ, నాకు టీ!" ఇది ఘంటసాల.

గోవర్ధనరావు భుజాన తువ్వాలుతో వంటింటికీ మంచానికీ మధ్య సిటీ బస్సులా తిరుగుతున్నాడు. సూపరింటెండెంటుగారి కింద ఆఫీసులో ఆరుగురు గుమాస్తాలు. ఇంట్లో ఆయనే ఏడో గుమాస్తా.

నాలుగో రోజుకి ఇందిరాదేవికి పడుకోవడంలోని కష్టం తెలిసొచ్చింది. వంటింట్లో గిన్నె చప్పుడైతే ఏ గిన్నె, ఎక్కడ సొట్ట పడిందో పడుకునే చెప్పగలుగుతోంది. మాడు వాసన వస్తే కాలు దానంతటదే మంచం దిగబోతోంది. కాలిని బతిమాలి వెనక్కి తెచ్చుకుంటోంది. పనిచేస్తే ఒళ్ళు నొప్పులు. చేయకపోతే ప్రాణం నొప్పి.

అయిదో రోజు మధ్యాహ్నం గోవర్ధనరావు కూరగాయలకి వెళ్ళాడు. రాజకుమారి, పూర్ణిమ నిద్రలో ఉన్నారు. ఇందిరాదేవి పిల్లిలా లేచి వంటింట్లోకి వెళ్ళింది. సింకు నిండా గిన్నెలు, పొయ్యి మీద పాల చారలు. కొంగు బిగించింది. అన్నీ తోమి, గట్టు తుడిచి, తృప్తిగా వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు.

"మంచం దిగొద్దన్నారుగా?"

ఇందిరాదేవి చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. చప్పుడుకి రాజకుమారి, పూర్ణిమ కూడా వచ్చారు.

"నాకు రెండో రోజే తెలుసమ్మా," అంది రాజకుమారి. "నడుంనొప్పి బిళ్ళ కోసం దిండు కింద చూస్తే చీటీ దొరికింది. రోజూ అరగంట నడవమని రాసుంది."

"మరి చెప్పలేదేం వదినా?" అంది ఇందిరాదేవి ఏడుపు గొంతుతో.

"చెబితే నేను పామర్రు వెళ్ళిపోవాలిగా!"

పూర్ణిమ నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది. అత్తగారు మాత్రం నవ్వలేదు. పీట లాక్కుని కూర్చుంది.

"మా కాలంలో హార్మోన్లు లేవు. పూనకాలుండేవి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఊడ్పుల్లో ఇరవై మందికి వండేదాన్ని. నలభై దాటాక నాకూ ఈ ఆవిర్లే. చెబితే మీ మావగారు, 'ఎండలు ముదిరాయి, అందరికీ అలాగే ఉంది' అనేవారు. ఓ శుక్రవారం కళ్ళు తిరిగి, జుట్టు ఊడి, గుంజ పట్టుకుని ఊగాను. ఎవరో 'అమ్మవారూ!' అన్నారు. నేను కాదనలేదు. కాళ్ళు కడిగి చాప మీద పడుకోబెట్టారు. మీ మావగారే వేపమండతో విసిరారు. అక్కణ్ణించి ప్రతి శుక్రవారమూ పూనకమే."

"అమ్మా! అది అమ్మవారు కాదా?" రాజకుమారి చెంపలేసుకుంది. "పాపం కాదూ!"

"ఆవిడేం అనుకోదులే. ఆవిడా ఆడదేగా."

అప్పుడు గుమ్మంలో సంచి కిందపడింది. వంకాయలు దొర్లాయి. గోవర్ధనరావు ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో గానీ మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా! టెన్త్ పాసవుతానా అని నీ కాళ్ళమీద పడి అడిగితే పాసవుతావన్నావే!"

"నిజంగా అమ్మవారైతే నువ్వు తప్పేవాడివా?" అంది తల్లి.

ఆయన కాసేపు వంకాయలు ఏరుకుంటూ ఉండిపోయాడు. తర్వాత తలెత్తకుండానే, "ఇందిరా, అయితే నీకేం జబ్బు లేనట్టేనా?" అన్నాడు.

ఆమెకి భూమి చీలితే బాగుండుననిపించింది. "లేదండీ. అలిసిపోయాను. అంతే. అలిసిపోయానంటే ఎవరూ సెలవివ్వరని..."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే ఏమనేవారు?"

గోవర్ధనరావు చివరి వంకాయ అందుకున్నాడు. ఏమనేవాడో ఆయనకి బాగా తెలుసు. అందుకని దాన్ని సంచిలో వేసుకుని, అయిదు రోజులుగా వంగి నొప్పెట్టిన నడుం పట్టుకుని లేచాడు. "రాత్రికి వంకాయ వండుతాను," అన్నాడు. "ఎలా వండాలో ఎవరైనా పడుకునే చెప్పండి."

మర్నాడు అయిదింటికే అత్తగారు కోడల్ని తట్టి లేపింది.

"లే. డాక్టరు నడవమందిగా."

"అత్తయ్యా, ఇవాళొక్కరోజు..."

"అబద్ధం పడుకుని ఆడావు. నిజం నడిచి చెప్పు."

ఇందిరాదేవి తలొంచుకుని చెప్పులేసుకుంది. వెనకాలే గోవర్ధనరావూ బయల్దేరాడు. వీధి చివర దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. తిరిగొచ్చేటప్పుడు ఆమెకి మోకాలు నొప్పెట్టి ఆగితే ఆయనా ఆగాడు. తొందరపెట్టలేదు.

ఇంటికొచ్చి గదిలోకి చూస్తే మంచం నిండిపోయి ఉంది. పామర్రు ఒక పక్క, ఘంటసాల ఒక పక్క నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నాయి. నిద్రలో పూర్ణిమ మొహం పదో తరగతి పిల్లలా ఉంది. లేపుదామని వెళ్ళిన ఇందిరాదేవి ఫ్యాను ఒక అంకె పెంచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

అత్తగారు కుర్చీలోంచి లేచింది. "నేనూ లోపల కాస్త వాలతాను. నువ్విక్కడ కూర్చో."

పది రోజుల మంచం కోసం అబద్ధమాడిన మనిషికి ఆఖరికి వరండా కుర్చీ దక్కింది. ఇందిరాదేవి అందులో చేరగిలబడి కాళ్ళు చాపుకుంది.

గోవర్ధనరావు కాఫీ తెచ్చేసరికి ఆమె నిద్రపోయింది. లేపబోయి ఆగాడు. మెట్టు మీద కూర్చుని ఆ కాఫీ తనే తాగేశాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు. అయినా ఎవర్నీ పిలవలేదు.