సముద్రపు దొంగకు బంగారు పన్ను

ఆ ఆదివారం అల్లుడి పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి కాఫీ తాగాలి. భోజనాల బల్ల మీద పాత పేపరు పరచాలి. పదకొండింటికల్లా సముద్రపు దొంగల నాయకుడికి రంగు పూర్తి చేయాలి. నాలుగింటికి ఆటల క్లబ్బులో బావమరిదిని ఓడించాలి. చివరిది తప్ప మిగతావన్నీ తన చేతుల్లోనే ఉన్నాయని అతని నమ్మకం.

నాయకుడంటే బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మ. ఒంటికాలు, చేతికి బదులు కొక్కెం, వంకర టోపీ. అతని తాలూకు పదకొండు మంది దొంగలు అప్పటికే రంగులు పూయించుకుని అలమరలో వరసగా నిలబడి ఉన్నారు. ఆ ఆటలో బల్ల మీద నీలం గుడ్డ సముద్రం పరిచి, ఓడలు పెట్టి, పాచికలు వేస్తూ ఒకరి దండుతో ఇంకొకరి దండు కొట్లాడుతుంది. క్లబ్బువాళ్ళది ఒకటే పట్టుదల: రంగు పూర్తికాని బొమ్మ బల్ల ఎక్కకూడదు. మూడేళ్ళుగా అల్లుడి దొంగలు యుద్ధం దాకా పోకుండా ఆ నియమం దగ్గరే మునిగిపోతున్నారు. ఎప్పుడు చూసినా ఒంటి మీద అడుగు పూతే, బూడిదరంగు. బావమరిది వాళ్ళకు బూడిద దండు అని పేరు పెట్టాడు. కిందటి వారం ఇంకో మాట కూడా అన్నాడు. "బావా, ఈసారీ ఇలాగే వస్తే ఆటకి నేను వేరే జోడీ చూసుకుంటా. ఏమీ అనుకోకు." అల్లుడు చాలానే అనుకున్నాడు. వారమంతా అదే అనుకున్నాడు.

అతని వృత్తి కట్టుడు పళ్ళు తయారు చేయడం. అత్తగారి పళ్ళు కూడా అతను చేసిపెట్టినవే. ల్యాబులో అతని బల్ల నిండా గ్లాసులు, గ్లాసుల నిండా పళ్ళు. లోకంలో ఎవరైనా పళ్ళున్న గ్లాసు చూస్తే ఉలిక్కిపడతారు. అతనికి మాత్రం పళ్ళు లేని గ్లాసు చూస్తేనే ఏదో వెలితిగా ఉంటుంది.

ఆ ఉదయం అత్తగారు తన పళ్ళ గ్లాసును భోజనాల బల్ల చివర పెట్టి స్నానానికి వెళ్ళారు. అల్లుడు కంటికి భూతద్దం తగిలించుకుని, నాయకుడి నోట్లో ఒక బంగారు పన్ను దిద్ది, బ్రష్షు కడగడానికి చూడకుండానే చెయ్యి చాపాడు. గ్లాసు తగిలింది. బ్రష్షును గరుకు అంచుకు రుద్దితే రంగు బాగా వదులుతుంది. ఈ గ్లాసులో గరుకు భలే కుదిరిందే అనుకున్నాడు. తరవాత బొత్తాలకు, బెల్టుకు, కత్తి పిడికి బంగారం వేసి, వేసినప్పుడల్లా మనసారా రుద్దాడు.

అత్తగారు వచ్చి, కళ్ళజోడు వెతుక్కునే పనిలో ఉండగానే పళ్ళు తీసి తువ్వాలు మీద ఆరబెట్టారు. జుట్టు దువ్వుకున్నాక పెట్టుకున్నారు. అద్దంలోనూ చూసుకున్నారు. కాని నలభై ఏళ్ళు బడిలో చేతిరాత నేర్పిన మనిషి. తనను చూసి తాను నవ్వుకునే అలవాటు ఆవిడకు లేదు. ఆ రోజు గ్రంథాలయంలో పిల్లల చేతిరాత పోటీ, ఆవిడే ముఖ్య అతిథి. అక్కడ పనిచేసే కూతురు పొద్దున్నే వెళ్ళిపోయింది.

"వెళ్ళొస్తా అల్లుడూ."

"మంచిదత్తయ్యా," అన్నాడు తలెత్తకుండా. తలెత్తి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

పావుగంటకు గంట మోగింది. గుమ్మంలో పైవాటా ఆవిడ.

"మా ఆయనక్కూడా అలాంటివే చెయ్యాలండీ. పైవరసలో నాలుగు చాలు."

"ఎలాంటివండీ?"

"బంగారువి."

"నేను బంగారు పళ్ళు చెయ్యనండీ."

"మా దగ్గర దాపరికమెందుకు? ఇందాక మెట్ల మీద మీ అత్తగారి నోట్లో చూశాగా! కొత్తవా పిన్నిగారూ అంటే, రెండేళ్ళయింది, మా అల్లుడే చేశాడన్నారు. రెండేళ్ళుగా మా కంట పడనివ్వలేదు చూడండి, ఎంత గుంభనం!"

అల్లుడు వెనక్కి తిరిగి బల్ల వైపు చూశాడు. బ్రష్షులు కడిగే మగ్గులో నీళ్ళు తేటగా ఉన్నాయి. అత్తగారి గ్లాసు అడుగున బంగారం మేట వేసి ఉంది. అతని గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ చెప్పులే వేసుకుని పరుగెత్తాడు. నాయకుడు చేతిలోనే ఉన్నాడు, పట్టుకోవడానికి వీలుగా మాత్రల డబ్బా మూత మీద అతికించి.

గ్రంథాలయంలో అత్తగారు అప్పటికే మాట్లాడుతున్నారు. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ముందువరస పిల్లలు కిసుక్కుమంటున్నారు. వాళ్ళు నవ్వుతున్నారని ఆవిడా నవ్వుతున్నారు, ఆవిడ నవ్వుతున్నారని వాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. నవ్వు నాలుగు విధాల చేటు అన్నవాడు ఈ ఐదో విధం చూసి ఉండడు. అల్లుడు వెనక గోడ దగ్గర నిలబడి తన పళ్ళను వేలితో తట్టి చూపించి, నోరు మూయమన్నట్టు కంగారుగా చేతులు ఊపాడు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తడం అప్పుడే. అల్లుడు పళ్ళు కనబడేలా నవ్వమంటున్నాడు కాబోలు, అతని చేతిపని కదా పాపం, అనుకుని అత్తగారు దవడల దాకా నవ్వారు. ఫ్లాషు వెలిగింది. పళ్ళూ వెలిగాయి.

పక్కగదిలో భార్య అతన్ని నిలదీసింది.

"ఏమండీ, మా అమ్మ పళ్ళని ఏం చేశారు?"

"బ్రష్షు కడిగాను."

అత్తగారు కూతురి ఫోనులో తన ఫొటో చూసుకున్నారు. అల్లుడికి సిగ్గుతో కళ్ళు చెమర్చాయి.

"క్షమించండత్తయ్యా. రేపు ల్యాబుకి పంపండి, ఐదు నిమిషాల్లో పాలిషు పట్టేస్తా."

"నలభై ఏళ్ళలో నా క్లాసులో ఒక్క పిల్లాడూ నవ్వలేదు, తెలుసా?" అన్నారావిడ నెమ్మదిగా. తరవాత అతని చేతిలోని బొమ్మను చూశారు. "వీడికి కనుపాపలేవీ?"

"అవే మిగిలాయి. ఇంక నా వల్ల కాదు." చేతులు చాపి చూపించాడు. రెండూ వణుకుతున్నాయి. "సాయంత్రం మళ్ళీ బూడిద దండే. వాడు వేరే జోడీ చూసుకుంటాడు."

అత్తగారు బహుమతుల్లోంచి సన్నపాళీ కలం ఒకటి తీసి, సిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టారు. సముద్రపు దొంగ మొదటిసారి లోకాన్ని చూశాడు. పరీక్ష పేపర్లు దిద్దే టీచరులా, కాస్త కోపంగానే చూశాడు.

నాలుగింటికి క్లబ్బులో బావమరిది పన్నెండు బొమ్మల్నీ తిప్పి తిప్పి చూశాడు.

"పాసే బావా! కళ్ళు అదిరాయి. ఎవరు పెట్టారు?"

"నేనేరా," అంటూ, బావ వెంట వచ్చిన తల్లి వెనక నుంచి నవ్వారు. అతను నాయకుడి నోరు చూశాడు, అమ్మ నోరు చూశాడు. చేతిలో పాచికలు జారిపోయాయి.

"నేను కళ్ళిచ్చినవాణ్ణి నేనే నడుపుతా. నియమాలు చెప్పు," అంటూ ఆవిడ కుర్చీ లాక్కున్నారు. అల్లుడికి పాచికలు అందించే పని దక్కింది. దాడికి ముందు ఆవిడ ఒకసారి కొడుకు వైపు చూసి నవ్వేవారు, అంతే, అతని ఎత్తు చెదిరిపోయేది. ఆరింటికల్లా అతని ఓడలన్నీ గుడ్డ సముద్రం అడుగుకు చేరాయి. వేరే జోడీ మాట మళ్ళీ ఎత్తలేదు. వచ్చే ఆదివారం అమ్మను ఇంట్లో వదిలి రమ్మని మాత్రం బావను చాటుగా బతిమాలుకున్నాడు.

సోమవారం అల్లుడు పాలిషు చక్రం సిద్ధం చేసుకుని సాయంత్రం దాకా ల్యాబులో కూర్చున్నాడు.

పళ్ళు రాలేదు.